న్యూరోసైన్స్‌కి అమ్మమ్మ

విదేశాల్లో జీవశాస్త్రాల్లో ఎమ్మెస్ చదవాలంటే ఇంట్లో ఎవరో ఒకరికి తగిన జబ్బు ఉండి తీరాలి. లేకపోయినా ఫరవాలేదు, ఎందుకు చదవాలనుకుంటున్నారో చెప్పుకునే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్‌లో ఉన్నట్టు రాస్తే చాలు. వీసా మంజూరైన నిమిషానికి ఆ మనిషికి ఆ జబ్బు వచ్చేస్తుంది. మొదట్లో కొందరు గొణిగారు గానీ ఫారాలు ఆన్‌లైన్ అయ్యాక ఆ గొణుగుడూ ఆగిపోయింది.

సింధూర ఒక సోమవారం ఉదయం కాకినాడ భానుగుడి సెంటర్లో రెండో అంతస్తులో ఉన్న కన్సల్టెన్సీకి వెళ్లింది. బీఎస్సీ జువాలజీలో కాలేజీ ఫస్టు. మూడేళ్లుగా కోరంగి మడ అడవుల్లో మోకాళ్ల దాకా బురదలో దిగి నత్తల్ని గమనించింది. పోటు వచ్చే వేళకి ఏ నత్త చెట్టెక్కుతుందో, ఏది బురదలోనే ఉండిపోతుందో ఆరు నోట్‌బుక్కుల నిండా రాసుకుంది. వాటి మీదే పై చదువు చదవాలని ఆమె కోరిక.

కౌన్సెలర్ ఫణీంద్ర ఫారం తెరిచి, కారణం ఏమిటని అడిగాడు.

"నత్తలంటే ఇష్టమండీ."

ఆయన కంప్యూటర్ తెరని ఆమె వైపు తిప్పాడు. కారణం అనే గడిలో ఎంచుకోవడానికి పద్నాలుగు జబ్బులున్నాయి. ఇంకేమీ లేవు.

"పోయినేడు ఒకబ్బాయి సీతాకోకచిలుకలంటే ఇష్టమని విడిగా కాగితం పెట్టాడమ్మా. మీ ఇంట్లో ఎవరినైనా సీతాకోకచిలుక కుట్టిందా అని ఇంటర్వ్యూలో అడిగారు. ఏం చెప్తాడు పాపం. ఇప్పుడు మెడికల్ షాపులో చేస్తున్నాడు. ఇంతకీ ఇంట్లో ఎవరెవరున్నారు?"

"అమ్మమ్మ ఒక్కతేనండీ. అమ్మా నాన్నా నా చిన్నప్పుడే లారీ యాక్సిడెంట్లో పోయారు."

ఫణీంద్ర నిజంగానే బాధపడ్డాడు. "యాక్సిడెంటు మనకి పనికిరాదమ్మా. సివిల్ ఇంజనీరింగ్ వాళ్లకైతే తీసుకుంటారు."

అమ్మమ్మ పేరు మంగాయమ్మ. రొయ్యల ఫ్యాక్టరీలో రొయ్యలు ఒలుస్తుంది. అరవై నాలుగేళ్ల మనిషికి బీపీ కూడా లేదు. ఇంత ఆరోగ్యంగా ఉంటే కష్టమేనని ఫణీంద్ర అన్నాడు. అయినా నాలుగు కోర్సులు కాగితం మీద రాసిచ్చి, ఇంట్లో మాట్లాడుకుని రమ్మన్నాడు.

ఆ సాయంత్రం అమ్మమ్మ రొయ్యల వాసన పోయేలా చేతులకి చింతపండు రుద్దుకుంటుంటే సింధూర ఆ కాగితం చదివి వినిపించింది. క్యాన్సర్ బయాలజీకి మంచి డిమాండుంది, కానీ అమ్మమ్మ పోవాలి. అదీ సింధూర పదో ఏట పోయుండాలి. అప్పుడు ఆ తరవాత పదమూడేళ్లు అన్నం ఎవరు పెట్టారో సంజాయిషీ రాయాల్సి వస్తుంది. ఇమ్యునాలజీ అయితే కీళ్లు వాచి వేళ్లు ముడుచుకుపోతాయి. జెనెటిక్స్‌లో సీటు తేలిగ్గా దొరుకుతుంది, కాకపోతే అమ్మమ్మకి వచ్చిన జబ్బు నలభయ్యో ఏట సింధూరకీ వస్తుంది. న్యూరోసైన్స్‌కి మతిమరుపు కావాలి.

"నాకు జెనెటిక్స్ ఫరవాలేదు అమ్మమ్మా," అంది సింధూర.

"నోర్ముయ్యి. నాలుగోది మళ్లీ చదువు."

నాలుగోదాంట్లో నొప్పేమీ ఉండదు. స్టేట్‌మెంట్ మొదటి వాక్యం ఫణీంద్రే రాసిచ్చాడు: నన్ను పెంచిన అమ్మమ్మ నన్నే గుర్తుపట్టని రోజున నేను మెదడు గురించి ఆలోచించడం మొదలుపెట్టాను. ఆ వాక్యం ప్రకారం అమ్మమ్మ మరిచిపోవాల్సింది సింధూర ఒక్కదాన్నే. మిగతావన్నీ, ఫ్యాక్టరీ షిఫ్టులతో సహా గుర్తుంటాయి.

"అయితే అదే రాయించేసెయ్యి. పనికి ఇబ్బంది లేదుగా."

"నన్ను మర్చిపోతావు."

"నీకు నేను గుర్తుంటాను గదే. ఇంటికి ఒకళ్లకి గుర్తుంటే చాల్లే. నాలా నువ్వు కూడా ఐసులో చేతులు పెట్టుకుని నిలబడతావా ఏంటి?"

రాత్రి ఇద్దరూ అన్నాలకి కూర్చున్నారు. నత్తలు, బురద, ఆరు నోట్‌బుక్కులు ఏ కోర్సులోకీ రావని సింధూరకి అప్పటికే అర్థమైంది. దానికి అంత బాధ కలగలేదు. ఎదురుగా కూర్చుని చేప ముళ్లు తీసి తన కంచంలో పెడుతున్న మనిషిని చూస్తే బెంగ పట్టుకుంది.

దరఖాస్తుకి మూడు సిఫారసు లేఖలు కావాలి. మంగాయమ్మ మతిమరుపుని చాలాకాలంగా ఎరుగుదుమని సింధూరే మూడూ రాసుకుని వెళ్లింది. లెక్చరర్లు చదవకుండా సంతకాలు పెట్టారు. అంగీకార పత్రం మీద మంగాయమ్మ అక్షరాలు కూడబలుక్కుంటూ పేరు రాసి, ఎక్కడైనా తప్పు పోయిందేమో చూడమంది. తప్పు పోలేదు.

వీసా జూన్ తొమ్మిదిన ఉదయం పదకొండు ఇరవైకి మంజూరైంది. మెసేజి వచ్చేటప్పటికి సింధూర బజార్లో స్వెట్టర్ బేరం చేస్తోంది. ఆటో ఎక్కి ఇంటికొచ్చింది. మంగాయమ్మ గుమ్మంలో కూర్చుని గోంగూర ఒలుస్తోంది.

"ఎవరు కావాలమ్మా?"

"నేనండీ. సింధూర."

"ఎండన పడొచ్చావు. లోపలికొచ్చి మంచినీళ్లు తాగు తల్లీ."

సింధూర నీళ్లు తాగి, గదిలోకి వెళ్లి బట్టలు సర్దుకుంది. మంగాయమ్మ వాకిట్లోంచే కాసేపు చూసింది.

"గది ఖాళీ చేస్తున్నావా? ఎన్నాళ్లున్నావిక్కడ?"

"ఇరవై ఏళ్లండీ."

"అలాగా. ఎప్పుడూ చూళ్లేదే," అని మంగాయమ్మ నొచ్చుకుంది. వెళ్లేటప్పుడు గోంగూర పచ్చడి డబ్బాలో పెట్టిచ్చింది. ఖాళీ చేసి వెళ్లేవాళ్లని వట్టి చేతులతో ఎలా పంపుతామంది.

యూనివర్సిటీ ఉన్న ఊళ్లో చలి ఎక్కువ. క్లాసులో ముప్ఫై ఒక్కమంది. ప్రతి ఒక్కరి ఇంట్లోనూ ఆ ఒక్కరినే మరిచిపోయినవాళ్లున్నారు. పది మంది దాకా తెలుగువాళ్లున్నా ఎవరూ ఇంటి కబుర్లు ఎత్తరు. ఆదివారాలు గదుల్లో ఫోన్లు పక్కన పెట్టుకుని కూర్చుంటారు. ఎవరికి చేసినా తామెవరో మొదటినుంచీ చెప్పుకోవాలి. సింధూర రెండుసార్లు చేసింది. మంగాయమ్మ మర్యాదగా విని, నీకు కావాల్సినవాళ్లు ఈ నంబర్లో లేరమ్మా అంది. మూడోసారి చేసే ధైర్యం ఆమెకి లేకపోయింది.

రెండో సెమిస్టర్లో కారణాల తనిఖీ ఉంటుంది. మరిచిపోయిన మనిషికి వాళ్ల ఊళ్లోనే విద్యార్థి తాజా ఫొటో చూపించి మెదడు స్కాన్ తీస్తారు. గుర్తుపడితే ఫలానా చోట వెలుగు కనిపిస్తుంది. అప్పుడు స్టేట్‌మెంట్ అబద్ధం కిందికి వస్తుంది, సీటు రద్దవుతుంది, ఆ మనిషికి సాయంత్రానికల్లా అన్నీ గుర్తొస్తాయి. ఆ స్కాన్ చదివి సంతకం పెట్టాల్సింది విద్యార్థే. ప్రాక్టికల్ పరీక్ష అదే.

ముప్ఫై ఒక్కమందీ ఒకరికొకరు వీపులు పెట్టి, ఎవరి తెర ముందు వాళ్లు కూర్చున్నారు. సింధూర తెర మీద మంగాయమ్మ మెదడు వచ్చింది. ఆమె ఎప్పుడూ చూడని అమ్మమ్మ అది. చూడాల్సిన చోట మినప గింజంత వెలుగుంది.

కింద టెక్నీషియన్ రాసిన వాక్యం ఉంది. పేషెంటు ఫొటో చూసి 'చిక్కిపోయింది' అన్నారు, పరీక్షకి సంబంధం లేని మాట.

ముందు చూసినవాళ్లే ఆ మాట అనగలరు. సింధూర ఆ వాక్యాన్ని నాలుగుసార్లు చదివింది. నిజంగానే ఆర్నెల్లలో తను ఐదు కిలోలు తగ్గింది. ఆ సంగతి ఇక్కడ ఎవరూ గమనించలేదు.

"మేడమ్, ఇక్కడ వెలుగుందండీ," అంది.

ప్రొఫెసర్ వచ్చి చూసింది. "రెండు గడులున్నాయి. గుర్తుపట్టారు అని ఒకటి, యంత్రదోషం అని ఒకటి. నిర్ణయం మీది. మేం ఒత్తిడి చెయ్యం."

పది నిమిషాలు టైముంది. మొదటి గడి నింపితే ఎల్లుండికి ఇంట్లో ఉంటుంది. అమ్మమ్మ గుమ్మంలోనే తిడుతుంది, తర్వాత చేప ముళ్లు తీసి పెడుతుంది. ఆ తర్వాత ఇద్దరూ పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్తారు. అమ్మమ్మ కూడబలుక్కుని రాసిన సంతకం ఫైల్లో ఇంకా ఉంది. సింధూరకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే యంత్రదోషం అన్న గడి నింపి సంతకం పెట్టింది.

ఆ రోజు ముప్ఫై ఒక్క స్కాన్లలోనూ వెలుగు వచ్చింది. ముప్ఫై ఒక్కమందీ యంత్రదోషం అనే రాశారు. అందరికీ పూర్తి మార్కులు పడ్డాయి. బయటికి వచ్చేటప్పుడు ఎవరూ ఎవరినీ ఏం రాశావని అడగలేదు.

ఇన్ని ఊళ్లలో యంత్రాలు ఒకేసారి చెడిపోవడం మంచిది కాదని యూనివర్సిటీ కమిటీ వేసింది. పాతవి తీసేసి కొత్తవి పెట్టించారు. వాటిలో ఎవరి ఫొటో చూపించినా తెర నల్లగానే ఉంటోంది. ఈ ఏడాది చేరినవాళ్లకి పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతోంది.