మంత్రిగారు కనిపెట్టిన క్రిమి

"ఈ ఊరి జ్వరానికి మూలం కనుక్కునేదాకా నేను నిద్రపోను" అని ఆరోగ్యమంత్రిగారు సభలో ప్రకటించారు. ప్రకటించి, వేదిక మీదే కాస్త కునుకు తీశారు. నిద్రకీ కునుకుకీ తేడా తెలియనివాళ్లే దాన్ని తప్పుపడతారు.

నాది పెద్దాసుపత్రి ఎదురుగా కళ్లజోళ్ల కొట్టు. ఆసుపత్రి మైక్రోస్కోపు అద్దాలు తుడిచేది కూడా నేనే కాబట్టి, ఆ మహత్తర పరిశోధనని దగ్గరుండి చూసే భాగ్యం కలిగింది. అదీగాక మా అక్క అదే జ్వరంతో అక్కడి వార్డులో ఉంది. మా వీధిలో ఇంటికొకరు చొప్పున అక్కడే ఉన్నారు. ఇరుగుపొరుగుతో కబుర్లాడాలంటే వార్డుకి వెళ్లాల్సిందే.

రోగాల మూలాలు వెతికే ల్యాబు డాక్టరమ్మ తన పని ఎప్పుడో చేసేసింది. రోగుల నెత్తురులో ఉన్న క్రిమీ, మా వీధి కుళాయి నీళ్లలో ఉన్న క్రిమీ ఒకటేనని తేల్చింది. మురుగుకాలవ పక్కన మంచినీళ్ల పైపు పగిలిందని, దాన్ని మారిస్తే జ్వరం ఆగుతుందని పైవాళ్లకి చెప్పింది. అంతదాకా నీళ్లు మరగబెట్టి తాగమని వీధంతా తిరిగింది. పొద్దున్నే పనికి పరిగెత్తేవాళ్లు ఎన్నాళ్లని మరగబెడతారు? పైవాళ్లు ఆ మాటని ఇంకా పైకి పంపారు. పైకి విసిరిన రాయైనా కిందికొస్తుంది గానీ ఆ మాట మాత్రం రాలేదు.

అందుకని మంత్రిగారే స్వయంగా ల్యాబుకి వచ్చారు. డాక్టరమ్మ మైక్రోస్కోపు సర్ది, "చూడండి సార్, పొట్టిగా, కడ్డీల్లా కనపడతాయి" అంది. మంత్రిగారు ఏ పనైనా సగం సగం చేసే మనిషి కారు. కన్ను గొట్టంలో దూర్చినంత పని చేశారు.

"దొరికింది" అన్నారు. "పొడుగ్గా ఉంది. నల్లగా, వంకరగా. బారులు తీరి ఉన్నాయి. కదుల్తున్నాయి కూడా."

"సార్, అవి మీ కనురెప్పల వెంట్రుకలు" అంది డాక్టరమ్మ మెల్లగా. "కన్ను మరీ ఆనిస్తే అవే కనపడతాయి. కొంచెం వెనక్కి జరిగితే..."

మంత్రిగారి కార్యదర్శి దగ్గాడు. "వెనక్కి జరగడం సార్‌కి అలవాటు లేదండీ. అయినా ఆయనకి కనపడింది మీకెందుకు కనపడట్లేదు?"

"నాకు కళ్లజోడుందండీ. కన్ను అంత దగ్గరికి పోదు."

"అదీ సంగతి. లోపం మీ దగ్గరే ఉందన్నమాట."

తర్వాత కార్యదర్శి కూడా చూశాడు. ఆయనకీ కనపడ్డాయి, కాకపోతే మంత్రిగారివాటికన్నా కొంచెం పొట్టివి. పద్ధతి తెలిసిన మనిషి.

ఆ తర్వాత అధికారులంతా వరసకట్టి చూశారు. అందరికీ కనపడ్డాయి. ఒక గుమాస్తా మాత్రం ఏమీ లేదన్నాడు. బదిలీ మాటెత్తేసరికి ఆయనకీ కనపడ్డాయి. ఊళ్లో గోడలన్నిటి మీదా ఆ పొడుగాటి నల్లటి వంకర క్రిమి బొమ్మ వేయించారు. అంత అందమైన క్రిమిని నేనెక్కడా చూడలేదు.

డాక్టరమ్మ రెండు రోజులు తలపట్టుకుని కూర్చుంది. మూడో రోజు నాతో అంది: "వెంట్రుకైతేనేం, ఏదైతేనేం, పైపు మారితే చాలు. ఈ నీళ్లతో మీ అక్కకి మళ్లీ తిరగబెట్టిందంటే ఈసారి తట్టుకోలేదు." ఆమె తిన్నగా మంత్రిగారి దగ్గరికెళ్లి, "మీ క్రిమి ఆ పైపులోంచే వస్తోంది సార్" అంది.

'మీ క్రిమి' అన్న మాట మంత్రిగారికి బాగా నచ్చింది. వెంటనే ఉత్తర్వులు. మా వీధిలో గొయ్యి తవ్వారు, కొత్త పైపులు లారీలో దిగాయి. అక్క మంచం మీంచే నవ్వింది. "ఎవరి క్రిమైతే మనకేంట్రా, పైపు మారుస్తున్నారుగా."

ఈలోగా మంత్రిగారు ఒక సభలో 'రోగ నిర్మూలన' అని చదవబోయి 'రోగి నిర్మూలన' అని చదివారు. జనం చప్పట్లు కొట్టారనుకోండి, అది వేరే విషయం. చూపు మందగించిందని నా కొట్టుకి వచ్చారు. నా చేతులతో నేనే జోడు తగిలించాను. ఎంత హుందాగా ఉన్నారో చెప్పలేను.

పైపు వేసే రోజున గొయ్యి పక్కన బల్ల వేసి మైక్రోస్కోపు పెట్టారు. పని మొదలయ్యేముందు మంత్రిగారు తన క్రిమిని పత్రికలవాళ్లకి పరిచయం చేస్తారట. ఆయన ముఖం మీద జోడు చూసి డాక్టరమ్మ పాలిపోయింది.

"సార్, అది తీసి చూడండి."

"ఎందుకమ్మా? ఇప్పుడే కదా బాగా కనపడుతోంది."

జోడు గొట్టానికి టక్కున తగిలింది. కన్ను అక్కడే ఆగిపోయింది. ఆయన చాలాసేపు చూశారు.

"లేదు" అన్నారు. "పొట్టిగా కడ్డీల్లాంటివేవో బోలెడు తిరుగుతున్నాయి. వాటితో మనకి సంబంధం లేదు. మన క్రిమి ఒక్కటి కూడా లేదు. నిర్మూలించేశాం."

చప్పట్లు మోగుతుండగానే గొయ్యి పూడ్చేశారు. కొత్త పైపులు వృథా పోనివ్వలేదు. వీధి మొదట్లో విజయ ద్వారానికి స్తంభాలుగా నిలబెట్టారు. ఇక నీళ్లు మరగబెట్టడమంటే ప్రభుత్వ విజయాన్ని శంకించడమేనని మైకులో చాటించారు. రోగమే లేనప్పుడు వార్డెందుకని దాన్ని కూడా ఖాళీ చేయించారు.

అక్కని భుజం పట్టుకుని నడిపించుకొస్తుంటే డాక్టరమ్మ గేటు దాకా వచ్చింది. "మరగబెట్టే ఇవ్వు" అంది గొంతు తగ్గించి. "ఎవరికీ చెప్పకు."

ద్వారం కింద అక్క ఆగి స్తంభాలు తడిమి చూసింది. ఇంటికొచ్చి దుప్పటి కప్పుకున్నాక అడిగింది: "రోగం పోయిందన్నారుగా. మరి నా ఒంట్లో ఉన్న ఈ జ్వరం ఎవరిదిరా?"

లేచి పొయ్యి వెలిగించి, నీళ్లు పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని తలుపు వేయబోయాను. వీధిలో అన్ని తలుపులూ అప్పటికే వేసి ఉన్నాయి. కిటికీల్లోంచి ఆవిరి వస్తోంది. వీధి చివర మంత్రిగారి విడిది కిటికీలోంచి మరీ దట్టంగా వస్తోంది. పక్కనే కార్యదర్శిగారి కిటికీలోంచి కూడా వస్తోంది, కాకపోతే కొంచెం తక్కువ.