ఐసు మీద పద్నాలుగేళ్లు

ఆ రోజు పొద్దున ఫ్యాక్టరీ గుమాస్తా అబ్దుల్ ఘనీ పెట్టుకున్న పని చిన్నది. ఒక కాగితాన్ని ఇంగ్లీషులోంచి అరబీలోకి మార్చి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అబూ హసన్ చేతిలో పెట్టడం, అదే చేత్తో తన సెలవు కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. ప్రొద్దుటూరులో భార్య రుఖయ్యాను చూసి మూడేళ్లు కావస్తోంది. నిరుడు కువైట్ గొడవన్నారు, ఈ జనవరిలో యుద్ధమే వచ్చింది. ఖతీఫ్‌లోని వాళ్ల ఐసు ఫ్యాక్టరీ ఇంజనీరు మొదటి సైరన్‌కే సామాను సర్దుకున్నాడు. యుద్ధం ఆగి రెండు నెలలైనా ఆ కుర్చీ ఖాళీయే. "ఐసు తెలిసిన మనిషిని చూపించు, ఆ తర్వాతే నీ సెలవు" అన్నాడు కఫీల్.

ఆ మనిషి తనంత తానే వచ్చాడు. పేరు డెల్మర్, కెనడావాడు. గుమ్మం నిండుగా ఉన్నాడు, ముందు పళ్లు రెండు లేవు. యుద్ధంలో అల్ ఖోబర్‌లో ఉద్యోగం పోయిందనీ, ఇంకొకటి దొరక్కపోతే దేశం వదలాలనీ చెప్పి, తన అనుభవం రాసిన కాగితం ఇచ్చి వెళ్లాడు. ప్రొఫెషనల్‌గా ఐసు మీద పద్నాలుగేళ్లు, డిఫెన్స్‌మన్, ముప్పై ఒక్క గోల్స్, రెండు వందల పన్నెండు అసిస్ట్స్, వెయ్యిన్నర పెనాల్టీ మినిట్స్. ఒక మూల హాకీ అన్న మాట కూడా ఉంది. సెలవు రోజుల్లో ఆడుకుంటాడు కాబోలని ఘనీ దాన్ని వదిలేశాడు.

మిగతాది మాత్రం శ్రద్ధగా అరబీ చేశాడు. ఐసులో పద్నాలుగేళ్ల అనుభవం, రక్షణ శాఖలో సేవ, ముప్పై ఒక్క లక్ష్యాల సాధన, కింద రెండు వందల పన్నెండు మంది అసిస్టెంట్లు, జరిమానాల మీటింగుల్లో మినిట్స్ రాయడంలో దిట్ట.

అబూ హసన్ రెండు సార్లు చదివాడు. "ఇంత పెద్దవాడు మన దగ్గరికెందుకు వచ్చాడు?"

"యుద్ధం సార్."

కఫీల్ వెంటనే డెల్మర్‌ను ఇంజనీరుగా ఖాయం చేసుకుని, సైనిక శిబిరానికి ఫోన్ చేసి, శనివారం మధ్యాహ్నానికల్లా నాలుగు వందల ఐసు దిమ్మలు పంపిస్తానని మాటిచ్చేశాడు. లారీ కదిలాక సెలవు మీద సంతకం పెడతానన్నాడు.

శనివారం లారీ వచ్చింది. దిమ్మల్ని లారీకి చేర్చే బెల్టు ఆగిపోయింది. లోడింగు మేస్త్రి నర్సింలు జగిత్యాల మనిషి. కొత్త ఇంజనీరు ముందు స్పానర్ల పెట్టె తెచ్చిపెట్టాడు. డెల్మర్ పెట్టెను చూశాడు, బెల్టును చూశాడు, ఘనీని పక్కకు పిలిచాడు.

"ఐసు ఎలా తయారవుతుందో నాకు తెలీదు. నేను వెళ్లేసరికి అది అక్కడ ఉండేది."

"మరి పద్నాలుగేళ్లు దాని మీద ఏం చేశారు సార్?"

"హాకీ. మా దేశంలో ఐసు మీదే ఆడతారు. అవతలివాళ్లు గోలు వేయకుండా అడ్డం పడేవాణ్ణి. మోకాళ్లు పోయేదాకా అదే పని" అన్నాడు డెల్మర్, కాస్త గర్వంగానే.

ఘనీ స్పానర్ల పెట్టె మూత మూసేశాడు.

"ఏమంటుండు ఘనీ భాయ్?" అని నర్సింలు అడిగాడు.

"ఆలోచిస్తా ఉండాడంటప్పా."

"జల్ది ఆలోచించుమను. ఐసు కరుగుతున్నది, కఫీల్ గిటే వస్తున్నడు."

డెల్మర్ నేలంతా నీళ్లు కొట్టించాడు. కారులోంచి కొస వంగిన పొడుగాటి కర్ర తెచ్చాడు. ఒక దిమ్మను నడుముతో నెట్టి కర్రతో దారి మళ్లించాడు. పాతిక కిలోల దిమ్మ తడి సిమెంటు మీద సర్రున జారి, అరుగుకు ఆనించిన లారీలోకి దూసుకెళ్లి ఆ చివర గోడకు కొట్టుకొని ముక్కలైంది.

"లోపల ఒకడు గోల్‌కీపర్‌లా నిలబడి ఆపాలి. గోలీ" అంటూ డెల్మర్ ఘనీ వైపు చూశాడు.

"నాది రాతపని సార్" అన్నాడు ఘనీ. అంతలో కఫీల్ రానే వచ్చాడు. ఘనీ మారు మాట్లాడకుండా మోకాళ్లకు గోనెసంచులు కట్టుకొని లారీ ఎక్కాడు.

గంటన్నరలో నాలుగు వందల దిమ్మలూ లారీలో ఉన్నాయి. కొన్నింటిని ఘనీ చేతులతో ఆపాడు, కొన్నింటిని కాళ్లతో, మిగతావి ఎక్కడ తగిలితే అక్కడ ఆగాయి. అబూ హసన్ కళ్లు చెమర్చాయి. "అనుభవం అంటే ఇదీ" అని ఆ బెల్టును పాత సామాన్లవాడికి ఇచ్చేయమన్నాడు.

"నా సెలవు సార్" అన్నాడు ఘనీ.

"నువ్వు పోతే లారీలో ఎవరు నిలబడతారు?"

సాయంత్రం ఘనీ ప్రొద్దుటూరుకు ఫోన్ చేశాడు. లైను గరగరమంటోంది. "సెలవు రాల్యా రుఖయ్యా. నన్ను గోలీగా పెట్టినారు. పెద్దపెద్దవి వచ్చి తగులుతా ఉండాయి" అన్నాడు. అంతలో లైను తెగింది. రుఖయ్యా ఇంటి ఉర్దూలో గోలీ అంటే తుపాకి గుండు. పైగా ఆమెకు వినబడినవి మూడే మాటలు: గోలీ, పెద్దవి, తగులుతా.

నాలుగో రోజు ఘనీ బావమరిది చాంద్ బాషా ప్రొద్దుటూరు నుంచి పంపిన ఇంగ్లీషు టెలిగ్రామ్ కఫీల్‌కు వచ్చింది. అరబీలో చెప్పమని కఫీల్ దాన్ని ఘనీకే ఇచ్చాడు. ఈసారి ఘనీ ఒక్క మాట కూడా వదలకుండా చెప్పాడు: "అబ్దుల్ ఘనీ బాడీని వెంటనే పంపించగలరు."

అబూ హసన్ చాలాసేపు ఘనీని కిందికీ పైకీ చూశాడు. చావు కబురుకు కాదనడం పాపమనుకున్నాడో, చచ్చినవాడితో లోడింగు చేయించడం బాగుండదనుకున్నాడో, కలం తీశాడు. "వాళ్లడిగింది నీ ఒళ్లే కదా. తీసుకుపో" అని సంతకం పెట్టాడు. లారీలో ఘనీ చోటికి నర్సింలు ఎక్కాడు.

ప్రొద్దుటూరులో ఘనీ చొక్కా విప్పగానే ఒంటి నిండా కమిలిన మచ్చలు చూసి వీధంతా కంటతడి పెట్టింది. అవి ఐసు దెబ్బలని ఎంత చెప్పినా, అంత ఎండలున్న దేశంలో ఐసెక్కడిదని ఒక్కరూ నమ్మలేదు.