తొంభై సెంటీమీటర్ల కుట్ర

"ఈ కాలనీల నేరం చేయాలంటే ముందుగాల నా పర్మిషన్ తీసుకోవాలె!" అని బాబూరావు ప్రకటించాడు. ప్రకటించింది బడి గేటు దగ్గర, విన్నవి రెండు మేకలు. అయినా అతని ఉత్సాహం తగ్గలేదు. మణుగూరు బొగ్గుగని స్టోర్స్‌లో అతనికి ఉద్యోగం. షిఫ్టు దిగాక మాత్రం, అతని లెక్కలో, గోదావరికి ఈవల అంతటి అపరాధ పరిశోధకుడు లేడు. ఇప్పటిదాకా పట్టుకున్న దొంగ ఒక్కటే, అది కోతి. అది కూడా అతని ఇనుప టేపు మొదలు విరగ్గొట్టి మరీ పారిపోయింది.

ఆ రోజు అదృష్టవశాత్తూ నిజంగానే కేసు దొరికింది. మధిర నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన రోజారాణి టీచరు నాలుగో తరగతి గదిలో తల పట్టుకుని కూర్చుంది.

"ఏమైంది మేడం? హత్యనా? అపహరణనా?"

"హోంవర్కండీ," అంది టీచరు.

కొలతల పాఠం చెప్పి, ఎవరింటి తలుపు వెడల్పు వాళ్లే కొలిచి రాసుకురమ్మందట. పెద్దవాళ్ల సాయం వద్దు, పక్కవాళ్లది చూడొద్దు అందట. సొంతంగా చేసినవాళ్లను శనివారం కిన్నెరసాని తీసుకెళ్లి పడవ ఎక్కిస్తానందట. తీరా చూస్తే క్లాసు మొత్తం ఒకటే జవాబు: తొంభై సెంటీమీటర్లు.

"మా మధిరలో మా తలుపుకీ పక్కింటి తలుపుకీ పోలికే ఉండదండీ. వీళ్లంతా ఒకరిది చూసి ఒకరు రాసేశారు. శనివారం ప్రయాణం మానేద్దామనుకుంటున్నా. మీ కవిత ఒక్కతే వంద అని రాసింది."

బాబూరావు ఛాతీ ఉప్పొంగింది. "రక్తం మేడం, రక్తం! నిజాయితీ మా ఇంట్ల మంచినీళ్ల తీరు పారుతది!"

వెనక బెంచీలోంచి కవిత లేచింది. "నాన్నా, అదీ..."

"సాక్షి నడుమ మాట్లాడొద్దు!"

కవిత కూర్చుంది. పాపం, కూర్చున్నదన్న మాటే గానీ కుదురుగా లేదు.

"ఇది మామూలు కాపీ గాదు మేడం. దీని ఎనక పెద్ద ముఠా ఉన్నది," అని బాబూరావు గొంతు తగ్గించాడు. వేలిముద్రల కోసం నోటుపుస్తకాల మీద పసుపు చల్లాడు. వేలిముద్రలు రాలేదు, తుమ్ములొచ్చాయి. ఆ తుమ్ముల మధ్యే అందరికంటే ముందు పుస్తకం ఇచ్చిన పుష్పను ముందుకు పిలిచాడు.

"తొంభై అని నీకెవరు చెప్పిండ్రు?"

"ఎవరూ చెప్పలే. చిన్న స్కేలు ఆరుసార్లు పెట్టి కొలిచిన."

"ఒక్కసారి గాదు, ఆరుసార్లు! విన్నరా మేడం? నేరం ఒప్పుకున్నది! ముఠా నాయకురాలు ఈమెనే!"

పుష్ప భోరున ఏడ్చింది. పడవ పోయింది, పైగా దొంగ పేరు మీద పడింది. టీచరుకు కూడా మనసు చివుక్కుమంది. మధ్యాహ్నం తానే పుష్ప వాళ్లింటికి వెళ్లి మాట్లాడదామనుకుంది.

బాబూరావు భోజనానికి ఇంటిదారి పట్టాడు. బుర్రంతా ముఠాలే. గొప్ప డిటెక్టివులు కళ్లు మూసుకునే అన్నీ చూస్తారని అతని నమ్మకం. అందుకే గడప దాటుతూనే మంచం మీద చతికిలబడి కళ్లు మూసుకున్నాడు. "ద్వాలీ, అన్నం పెట్టు," అని భార్యను కేకేశాడు. కాసేపటికి ఒళ్లోకి పళ్లెం వచ్చింది.

"అబ్బ! కాకరకాయ కూర గింత కమ్మగనా! పెండ్లయిన ఇన్నేండ్లకు వంట నేర్చినవే!"

"నీ పెండ్లికి ముందు నుంచే వండుతున్న బిడ్డా," అంది ఒక ముసలి గొంతు.

కళ్లు తెరిచాడు. ఎదురుగా గరిటతో పుష్ప నానమ్మ కన్నమ్మ.

"పెద్దమ్మా! నువ్వు మా ఇంట్ల ఏం జేస్తున్నవ్?"

"గా మాట నేనడగాలె. మీ ఇల్లు పక్కది. ఆకలి మీదున్నవని అడగకుండ పెట్టిన."

సరిగ్గా అప్పుడే పుష్పను, కవితను వెంటబెట్టుకుని టీచరు గుమ్మంలోకి వచ్చింది. "బాబూరావు గారూ, మీరిక్కడున్నారేంటి?"

"నా తప్పేం లేదు మేడం! గదే తలుపు, గదే కిటికీ, గదే గూడు! మా ఇల్లనుకున్న!"

టీచరు తలుపు వంక చూసింది. బయటికి వెళ్లి ఇళ్ల వరుస పొడుగునా చూసింది. ఒకే ఆకుపచ్చ రంగు, ఒకే తీరు తలుపులు.

"అవ్వా, ఇక్కడ ఇళ్లన్నీ ఒకటేనా?"

"కంపెనీ క్వార్టర్లు గదా బిడ్డా. తలుపులన్నీ ఒక్క కొలతనే."

టీచరు పుష్పను దగ్గరికి తీసుకుంది. "తప్పు నాదేనమ్మా. మీరంతా సొంతంగానే కొలిచారు."

"కేసు క్లోజ్!" అని బాబూరావు పళ్లెంతో సహా లేచాడు. "గిది నిరూపించనీకే కావాలని ఈ ఇంట్లకు వచ్చిన!"

"మరి మీ తలుపు వందెలా అయిందండీ?"

బాబూరావు నోట్లో కాకరకాయ ముక్క ఆగిపోయింది.

"పొద్దుగాల నుంచి గదే చెప్దామనుకుంటున్న," అంది కవిత. "నేను కొలవలే టీచర్. నాన్ననే కొలిచి చెప్పిండు."

టీచరు అతని జేబులోని టేపు అడిగి చూసింది. కోతి పుణ్యమా అని అది పది దగ్గర మొదలవుతోంది. క్లాసు మొత్తంలో సొంతంగా హోంవర్కు చేయనిది బాబూరావు బిడ్డ ఒక్కతే!

కవిత కళ్లలో నీళ్లు తిరిగాయి. పడవలో పుష్ప పక్కన కూర్చోవాలని ఎప్పటినుంచో అనుకుంటోంది. అది చూసి బాబూరావు పళ్లెం కింద పెట్టాడు. మొట్టమొదటిసారి చిన్న గొంతుతో మాట్లాడాడు. "నేరస్థుడు దొరికిండు మేడం. నేనే. బిడ్డను శిక్షించకుండ్రి."

"శిక్ష ఎందుకండీ? ఇప్పుడు కొలవమనండి. సొంతంగా."

"నాన్నా, నువ్వు మాత్రం రావొద్దు," అని కవిత స్కేలు పట్టుకుని పరుగెత్తింది. వెనకే టీచరు, పుష్ప.

చూస్తే సాయం చేయబుద్ధవుతుందని బాబూరావు వెనక సందులోంచి చుట్టి వచ్చాడు. తమ ఇంటి ముందు, కళ్లు మూసుకుని, తలుపుకు వీపు పెట్టి, చేతులు కట్టుకుని కాపలాగా నిలబడ్డాడు. స్కేలు చప్పుడు వినబడటం లేదు. పిల్ల ఎక్కడ తప్పుతోందో ఏమో! ఒక్క మాట అందిద్దామని నోరు తెరిచి, కష్టం మీద మూసుకున్నాడు.

"తొంభై! టీచర్, నాకూ తొంభై వచ్చింది!" అన్న కవిత కేక పక్కింటి గుమ్మంలోంచి వినబడింది.

బాబూరావు ఉలిక్కిపడి కళ్లు తెరిచి వెనక్కి తిరిగాడు. గుమ్మంలో గరిటతో కన్నమ్మ.

"మళ్ల వచ్చినవా బిడ్డా? ఇంకింత కూర ఎయ్యమంటవా?"