చేతులెత్తితే లేచొచ్చే వరం

ఆగండాగండి! చేతిలో ఏ పనున్నా సరే, అలా పక్కన పెట్టి ఐదు నిమిషాలు వినండి. పొయ్యి మీద పాలుంటే మాత్రం దించి రండి, నేను ఇక్కడే ఉంటా.

వచ్చారా? అయితే చెబుతున్నా. ఒంటికి సరిపోని బ్రా అనేది ఆడవాళ్లకు దొరికిన గొప్ప వరం! నవ్వకండి, సీరియస్‌గానే అంటున్నా. సరిపోయే బ్రా వల్ల లోకానికి ఒరిగిందేమిటి? వేసుకుంటారు, మర్చిపోతారు, పనికి పోతారు. అందులో కథేముంది? ఉత్కంఠ ఏముంది?

రుజువు కావాలంటే పాటల టీచర్‌ని చూడండి.

ఆవిడ ఓ స్కూల్లో పిల్లల బృందగానం నడిపిస్తుంది. మోకాళ్లు మొరాయించాయని ఏడాదిన్నర పట్టుబట్టి నడిచింది, నోరు కట్టుకుంది, నలభై ఒక్క కిలోలు తగ్గింది. నలభై ఒక్కటండీ! క్లాసులో మూడో వరసలో కూర్చునే పిల్ల ఒకత్తి, స్కూలు బ్యాగుతో సహా, ఆవిడ ఒంట్లోంచి లేచి వెళ్లిపోయినట్టు!

అందరూ చప్పట్లు కొట్టారు. స్టాఫ్‌రూమ్‌లో లెక్కల టీచర్ కేకు తెప్పించింది. దాన్ని పాటల టీచర్ చేతే కోయించి, ఆవిడకు తప్ప అందరికీ పంచింది. "మీరు తినకూడదు కదండీ పాపం" అని ఆ ముక్క కూడా తనే తినేసింది.

ఒక్క బీరువాలో బ్రాలకే ఈ కబురు అందలేదు. అవి పాత మనిషి కోసమే ఎదురుచూస్తూ కూర్చున్నాయి. ఆవిడ చివరి హుక్కు దాకా బిగించింది. తర్వాత పిన్నీసు పెట్టింది. తర్వాత ఇంకో పిన్నీసు. లోపల చెరోవైపు ఓ చేతిరుమాలు. అయినా స్ట్రాపులు భుజం మీద నిలబడేవి కావు, చంకనెత్తుకున్న చంటిపిల్లల్లా ఒకటే జారడం!

కానీ సదుపాయం చూడండి. లోపల ఎంత చోటు! బీరువా తాళాలు, శ్రుతి చూసుకునే చిన్న ఈల, మధ్యలో విరిగిన చాక్‌పీసు, అన్నీ అక్కడే. ఓసారి చాక్‌పీసు సంగతి మర్చిపోయి ఇంటికెళ్లి చూసుకుంటే మెత్తటి పొడి. ఇక టాల్కం పౌడర్ ఎందుకు చెప్పండి?

ఆవిడ చెల్లెలు మాత్రం ఒప్పుకోలేదు. "అక్కా, నువ్వు నడుస్తుంటే తాళాల చప్పుడొస్తోందే. లే, షాపుకి పోదాం" అని లాక్కెళ్లింది.

మొదటి షాపులో సేల్స్ అమ్మాయి టేపు జోలికే పోలేదు.

"మీకు ఎల్ అండి."

"కొలవవా అమ్మా?"

"పదకొండేళ్ల సర్వీసు మేడమ్. మనిషి గుమ్మంలో ఉండగానే చెప్పేస్తా."

ఎల్ వేసుకుంటే లోపల ఇంకో మనిషికి చోటుంది. "ఇది మరీ ఆడుతోందమ్మా" అంటే, "ఆడితేనే కదా మేడమ్ గాలాడేది" అంది. ఎమ్ వేసుకుంటే పీల్చిన గాలి పీల్చినట్టే ఉండిపోయింది. "ఊపిరాడట్లేదు" అంటే, "వాడగా వాడగా సాగుతుంది మేడమ్" అంది.

"అంటే సాగేదాకా ఊపిరి తీసుకోవద్దా?" అంది చెల్లెలు.

పాటల టీచర్ ఓపిగ్గా చెప్పింది. "చూడమ్మా, చుట్టుకొలత చిన్నది కావాలి. కప్పు మాత్రం కాస్త పెద్దది."

"అలాంటి కాంబినేషన్ రాదు మేడమ్."

"నాకు వచ్చింది కదమ్మా!"

"మీకొచ్చింది మేడమ్. కంపెనీకి రాలేదు."

ఇలా పధ్నాలుగు షాపులు తిరిగారు. తిరిగి తిరిగి ఆవిడ ఇంకో కిలో తగ్గింది. బయల్దేరేముందు ఇంట్లో రాసుకున్న కొలత ఆఖరి షాపుకి వచ్చేసరికి పనికిరాలేదు! ఏ జిమ్ చేస్తుందండీ ఈ సేవ?

ఇక అసలు వరం దగ్గరికొస్తున్నా. కళాసేవ!

బృందగానం నడిపేవాళ్లకు చేతులే ప్రాణం. టీచర్ రెండు చేతులూ తలపైకి ఎత్తితే పిల్లలు పైస్థాయి అందుకోవాలి. ఓరోజు ప్రాక్టీసులో ఆవిడ హుషారుగా చేతులెత్తింది. లోపలిది కూడా అంతే హుషారుగా లేచింది! చేతులు దిగాయి గానీ అది దిగలేదు. మెడ కింద మఫ్లర్‌లా కూర్చుంది. ఎదురుగా ముప్ఫై రెండు మంది పిల్లలు. ఆవిడ గిరుక్కున బోర్డువైపు తిరిగి, "అందరూ ఒక్కసారి కళ్లు మూసుకుని పాడండి, భావం పలుకుతుంది" అంది. ఎంత భావం పలికిందో! వరండాలో పోతున్న హెడ్‌మిస్ట్రెస్ ఆగిపోయి కళ్లు తుడుచుకుంది.

ఆ రోజు నుంచి ఆవిడ మోచేతులు పక్కటెముకలకు అంటించేసి, వేళ్లు మాత్రమే కదిలిస్తూ పాట నడిపించింది. పాటలు మెత్తబడ్డాయి, నెమ్మదించాయి. "ఇంత నిగ్రహం ఎక్కణ్నుంచి వచ్చిందండీ!" అని అందరూ పొగడడమే.

ముందు వరసలో ఓ పిల్ల ఉంది. దాని గొంతు విని అందరూ దానికి గంట అని పేరు పెట్టారు. అదే అడిగింది.

"టీచర్, మీరు చేతులెత్తకపోతే పైకెప్పుడెళ్లాలో మాకెలా తెలుస్తుంది?"

"తెలుస్తుందిలే అమ్మా, చూస్తూ ఉండండి."

వాళ్లు చూస్తూనే ఉన్నారు. నాలుగు నెలలు చూశారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇంతలో స్కూళ్ల మధ్య పాటల పోటీ వచ్చిపడింది. హెడ్‌మిస్ట్రెస్ కళ్లు తుడుచుకుంది నిజమే గానీ, తుడుచుకున్నాక మాత్రం తేల్చి చెప్పింది. "చూడండి, తొమ్మిదేళ్లలో ఒక్క కప్పు రాలేదు. ఈసారీ రాకపోతే పాటల పీరియడ్ లెక్కలకు ఇచ్చేస్తాం." లెక్కల టీచర్ అప్పుడే కొత్త టైమ్‌టేబుల్‌కి స్కేలుతో గీతలు గీస్తోంది.

పాట ఆఖరి చరణం ఆకాశాన్నంటాలి. చేతులెత్తకుండా అంటేదెలా?

పోటీకి ముందురోజు చెల్లెలు పరుగున వచ్చి అక్కని మళ్లీ లాక్కెళ్లింది. సందు చివర ఇరుకు షాపు, అందులో కళ్లద్దాల పెద్దావిడ. ఆవిడ నిజంగా టేపు తీసింది! "ఊపిరి వదులమ్మా... ఇప్పుడు తీసుకో" అంటూ కొలిచింది. అడుగు అరలోంచి దుమ్ముపట్టిన డబ్బా లాగింది. వంకాయ రంగుది. ఒకే ఒక్కటి.

ట్రయల్ రూమ్‌లోంచి ఎంతకీ చప్పుడు లేదు.

"అక్కా? ఏడుస్తున్నావా?"

"ఆఁ. ఏడుస్తూనే చేతులెత్తి చూశానే. గెంతి కూడా చూశా. కదల్లేదే!"

బయటికొచ్చి, "ఇలాంటివే ఇంకో నాలుగివ్వండి" అంది.

"ఇదే ఆఖరిదమ్మా. అడిగేవాళ్లు లేరని ఈ సైజు చేయడం మానేశారు."

"పధ్నాలుగు షాపుల్లో నేనడిగానండీ!"

"వాళ్లు లేదని నీకు చెప్పారు తల్లీ. నువ్వడిగావని కంపెనీకి ఎవరు చెప్పారు?"

మర్నాడు స్టేజీ. పాటల టీచర్ నిటారుగా నిలబడింది. ఏడాదిన్నరలో మొదటిసారి ఒళ్లు ఆవిడ చెప్పుచేతల్లో ఉంది. కుడిచెయ్యి అందంగా తిప్పి సైగ చేసింది.

నిశ్శబ్దం.

ముప్ఫై రెండు నోళ్లు మూసుకుని ఉన్నాయి. మళ్లీ తిప్పింది. ఊహూఁ. రెండు చేతులూ ఎత్తింది. పిల్లలు ఆ చేతుల్ని కొత్త చుట్టాల్ని చూసినట్టు చూశారు. జడ్జీలు కళ్లద్దాలు సర్దుకున్నారు. లెక్కల టీచర్ వెనక వరసలో చిరునవ్వు సర్దుకుంది.

అప్పుడు గంట, దానికి చేతనైనంత చిన్న గొంతుతో అంది. హాలు సగానికి వినబడింది.

"టీచర్... భుజం!"

అని తన కుడిభుజం మీద లేని స్ట్రాపుని బొటనవేలితో పైకి లాగి చూపించింది.

టీచర్‌కి అప్పుడు వెలిగింది. నాలుగు నెలలుగా జారే కుడి స్ట్రాపు ఎగదోసుకున్నప్పుడల్లా పిల్లలు దాన్ని 'మొదలెట్టు' అనుకున్నారు! ఎడమ స్ట్రాపు అంటే 'ఆగు'. పైకి తన్నుకొచ్చిన బ్రా కింది పట్టీని రెండు చేతులతో పక్కల నుంచి కిందికి గుంజుకుంటే? అదీ పైస్థాయి!

ఏం చేస్తుంది పాపం? చక్కగా కుదిరి, అంగుళం కూడా జారని స్ట్రాపుని, మూడొందల మంది ముందు, బొటనవేలితో ఎగదోసింది. పాట మొదలైంది. ఎడమది లాగింది, ఆగింది. ఆఖరి చరణం వచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, రెండు చేతులతో పక్కలు పట్టుకుని, కిందికి ఒక్క గుంజు గుంజింది.

పాట పైకప్పు దాటిపోయింది!

కప్పు వచ్చింది. పాటల పీరియడ్ నిలబడింది. లెక్కల టీచర్ టైమ్‌టేబుల్ చింపుకుంది. 'బృందగాన నిర్వహణలో కొత్త ఒరవడి' అని జడ్జీలు రాశారు. ఇప్పుడు మిగతా స్కూళ్లలో మీసాల మాస్టార్లు కూడా భుజాలు ఎగదోసుకుంటూ, పక్కలు గుంజుకుంటూ పాటలు నడిపిస్తున్నారట! ఇప్పుడు చెప్పండి, వరం కాదూ?

సరే, ఒక్క చిన్న సంగతి మిగిలింది. ఆ వంకాయ రంగుది ఒక్కటే కదా. రోజూ ఉతికి, ఆరేసి, మళ్లీ అదే. ఎనిమిది నెలలకు ఎలాస్టిక్ నీరసించింది. మొన్న స్టాఫ్ మీటింగులో కుడి స్ట్రాపు జారితే ఎగదోసుకుంది, పక్కగది కిటికీలోంచి అది చూసిన పిల్లలు పాట ఎత్తుకున్నారు.

ఆవిడ మళ్లీ మొదటి షాపుకే వెళ్లింది. సేల్స్ అమ్మాయి ఈసారి కూడా కళ్లతోనే కొలిచి, ఎంతో ప్రేమగా చెప్పింది.

"ఓ మూడు కిలోలు పెరగండి మేడమ్, ఎల్ అతికినట్టు సరిపోతుంది. లేదా ఇంకో నాలుగు తగ్గండి, ఎమ్‌లోకి దిగిపోతారు. స్టాక్‌లో తప్పేం లేదు. మీరే మధ్యలో ఆగిపోయారు."

నలభై ఒక్క కిలోలకు చప్పట్లు కొట్టిన లోకమండీ ఇది! గుడ్డ ఓ అంగుళం అటూ ఇటూ కత్తిరించడం దానికి కష్టమట. ఒళ్లు కత్తిరించుకోవడం మనకి సులువట.

ఇప్పుడు పాటల టీచర్ అద్దం ముందు నిలబడి ఉంది. కాళ్లకు నడక బూట్లు, లేసులు ఇంకా కట్టలేదు. చేతిలో కేకు ముక్క, ఇంకా కొరకలేదు.

మీరైతే ఏం చేస్తారు?