గ్రిబుల్ అవ్వ పెరట్లో సగం

మెర్విన్ హాకడే మీద నాకెందుకు కడుపుమంట అని ఎవరైనా అడిగితే, వాడి ఉల్లిగడ్డలు చూసి రమ్మంటాను. ఒక్కొక్కటి పసివాడి తలకాయంత. ఏటా సెప్టెంబరులో మా ఊరి కూరగాయల పోటీకి వాటిని పట్టుగుడ్డ మీద పెట్టి, పెళ్లికూతుర్ని మండపానికి తెచ్చినట్టు తెస్తాడు. మొదటి బహుమతి వాడిదే. రెండోదీ వాడిదే. నాకు మాత్రం ‘పాల్గొన్నందుకు కృతజ్ఞతలు’ అని ఒక కార్డు ఇస్తారు. మా ఆవిడ డల్సీ వాటితో పొయ్యి రాజేస్తుంది. బాగానే అంటుకుంటాయి.

అందులో వాడి గొప్ప ఏమీ లేదు. ఎండ వాడికి, నీడ నాకు. అంతే తేడా.

చర్చి వెనక గ్రిబుల్ అవ్వ పెరడని ఒకటుంది. దాదాపు మూడు వందల ఏళ్ల కిందట ఆవిడ పోతూ పోతూ, తన దగ్గర పని చేసిన రెండు ఇళ్ల పెద్దకొడుకులకు దాన్ని చెరిసగం రాసింది. ఎండ పడే సగం హాకడేలకు, చర్చి గంట గోపురం నీడలో సగం మా టాప్స్కాట్లకు. రాసి ఊరుకుందా? ఒక మెలిక పెట్టింది. ఆ పెద్దకొడుకు అమ్మానాన్నలకు చర్చిలో పెళ్లయ్యాకే పుట్టి ఉండాలట. పెళ్లికి ముందే పుట్టాడని తేలితే, వాడి వంశానికి వచ్చిన సగం కాస్తా అవతలి వంశానికి పోతుందట. అప్పటి పాస్టరు చూసీ చూడనట్టు ఊరుకున్నాడో ఏమో, ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని తిరగదోడలేదు.

నేను తోడాను.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. మా డల్సీ పుట్టింటి పేరు హాకడే. మెర్విన్ దానికి సొంత అన్న.

పాత చర్చి పుస్తకాలన్నీ పట్నంలో రికార్డుల ఆఫీసులో ఉంటాయి. పెన్ను లోపలికి తేనివ్వరు, పెన్సిలే వాడాలి. నేను పదిహేనో ఏట బడి వదిలేసి ఇళ్లకు పైకప్పులు వేసే పనిలో దిగినవాణ్ణి. పెన్సిలు చెవి వెనక పెట్టుకోవడం వచ్చు గానీ, చేత్తో పట్టి రాసి చాలాకాలమైంది. పుస్తకం తెరిస్తే కోడి బురదలో నడిచినట్టు రాత. పైగా మా పూర్వీకులకు పేర్లు కరువు. జాన్ కొడుకు జాన్. ఆ జాన్ కొడుకు మళ్లీ జాన్. ఒక జాన్ చిన్నప్పుడే పోతే, తర్వాత పుట్టినవాడికీ జానే. పెళ్లాలంతా మేరీలు. ఏ జాన్ ఏ మేరీని చేసుకున్నాడో, ఏ మేరీ ఏ జాన్‌ని భరించిందో తేల్చుకునేసరికి నా పేరేమిటో నేనే ఒకసారి తడుముకున్నాను.

చివరికి ఒక ఉపాయం తట్టింది. నాకు కావలసిన పెళ్లిళ్లూ బాప్తిస్మాలూ చిన్న చిన్న చీటీల మీద ఒక్కొక్కటిగా రాసుకుని, ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద నెలల వరసలో పేర్చాను. పేర్చగానే గుండె ఝల్లుమంది. సంతోషంతోనే.

డల్సీ బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. నేను గొంతు సవరించుకున్నాను.

“డల్సీ, మీ వంశం సంగతి తేలింది.”

“ఆ చీటీలు తీస్తే గిన్నె పెట్టుకుంటాను.”

“మీ జాన్ హాకడే పెళ్లి 1731 మే నెలలో. పెద్దకొడుకు బాప్తిస్మం ఎప్పుడనుకున్నావు? అదే 1731, ఫిబ్రవరిలో.”

“మరి మీవాళ్లదో?”

“అదే 1731 ఫిబ్రవరిలో పెళ్లి, నవంబరులో బిడ్డ. నువ్వే లెక్కపెట్టుకో.”

అది చాకు పట్టుకునే వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. “పద్ధతి గల మనుషులు,” అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మావాళ్లను మెచ్చుకోవడం అదే మొదలు. అప్పుడే నాకు అనుమానం రావాలి. రాలేదు.

మర్నాడు చెప్పులు కొనుక్కోవాలంటూ పట్నం బస్సెక్కింది. పాత చెప్పులతోనే తిరిగొచ్చింది. ఆ ఫిబ్రవరి విషయం పాస్టరు గారి దగ్గరకు తీసుకెళ్లే ముందు ఆ పుస్తకం ఇంకోసారి చూసి రమ్మని సలహా ఇచ్చింది. పుట్టింటి పరువు పోతుందని భయపడుతోందనుకుని, భుజం తట్టి ధైర్యం చెప్పాను. పెరడు మొత్తం నాదయ్యాక మీ అన్నకు ఒక మడి కౌలుకిస్తాలే అని కూడా అన్నాను. అది గిన్నె తోముకోవడానికి వెళ్లింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి హాల్లో అందరూ టీ తాగుతారు. పెరటి పెత్తనం పాస్టరు గారిదీ, ఇద్దరు ముసలమ్మలదీ. ముగ్గురూ అక్కడే ఉన్నారు. నేను లేచి నిలబడి మే, ఫిబ్రవరి, నవంబరు అంతా వరసగా వివరించాను. మెర్విన్ కేకు నములుతూనే ఉన్నాడు. వాడి మొహం ఎర్రబడుతుందేమోనని ఎదురుచూశాను. కేకు అయిపోయింది, ఇంకో ముక్క తీసుకున్నాడు.

అప్పుడు డల్సీ చేతిసంచిలోంచి ఆ పుస్తకంలో పేజీకి నకలు తీసి పాస్టరు గారికిచ్చింది.

“అయ్యగారూ, చీటీలు కాదు, పేజీ చదవండి. పైనుంచి కిందకి.”

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. ఏప్రిల్ 1731. మే 1731, హాకడే పెళ్లి. అలా కిందకి వెళ్లి నవంబరు 1731, టాప్స్కాట్ బిడ్డ. డిసెంబరు 1731. దాని కింద జనవరి 1731. దాని కింద ఫిబ్రవరి 1731.

“డిసెంబరు తర్వాత మళ్లీ అదే ఏడు ఎలా వస్తుందండీ?” అన్నాను.

పాస్టరు గారు ఓపికగా చెప్పారు. ఆ రోజుల్లో కొత్త సంవత్సరం మార్చి ఇరవై అయిదున వచ్చేదట. జనవరి, ఫిబ్రవరి ఏడాదికి తల కాదట, తోకట. ఇప్పటికీ మనం పన్నుల లెక్క ఏప్రిల్లో మొదలుపెట్టేది ఆ పాత అలవాటు వల్లేనట.

నేను వేళ్లు ముడిచి లెక్క మొదలుపెట్టాను. మేలో పెళ్లయిన హాకడేలకు ఫిబ్రవరిలో బిడ్డంటే, సరిగ్గా తొమ్మిది నెలలు. బాగానే ఉంది. మరి నవంబరులో బిడ్డ పుట్టిన టాప్స్కాట్లకు ఫిబ్రవరిలో పెళ్లి... రెండు చేతులూ వాడాను. మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాను. ఎటునుంచి పెట్టినా మా ముత్తాతల తాత మూడు నెలలవాడై, తల్లి ఒడిలో కూర్చుని అమ్మానాన్నల పెళ్లి చూశాడు.

ముసలమ్మల్లో ఒకావిడ, “పాపం, దీన్ని తిరగదోడమని ఎవరూ అడగలేదు కదా,” అని రెండో ఆవిడతో అంది. రెండో ఆవిడ, ఇంత దాకా వచ్చాక వీలునామాలో ఉన్నట్టు చెయ్యక తప్పదంది.

మెర్విన్ అప్పుడు నోరు విప్పాడు. “రెజ్ బావా, నా మోకాళ్లకు నా సగమే ఎక్కువ. నీ సగం చెల్లెలి పేరున రాయమను. అదీ హాకడేనే కదా.”

అక్కడికక్కడే రాశారు. ఇంటికి నడుస్తూ డల్సీని అడిగాను, ఇదంతా నీకు ముందే తెలుసా అని.

“తెలుసు. ఇంకోసారి చూడమన్నాను కదండీ.”

“చూడమన్నావు గానీ, ఏం చూడాలో చెప్పలేదు.”

“మీరేమో మా అన్నకు కౌలుకిస్తానన్నారు,” అంది. ఇంకో నాలుగడుగులు వేశాక, తను అక్కడ గులాబీలు పెడతానని, నాకు ఓపికుంటే సాయంత్రాలు వచ్చి నీళ్లు పోయొచ్చని చెప్పింది.

నా సగం పొడవు పదిహేను గజాలు, వెడల్పు పది. పోయింది మొత్తం నూట యాభై చదరపు గజాలు, ఉల్లి నారుతో సహా.