వాలీబాల్ పాఠానికి నూటికి నూరు

ఆటల పాఠాన్ని కొలిచే సాధనం జావా దీవిలోనే మొదటిసారి మా జిల్లాలో తయారైందని విద్యాధికారి హర్జునో గారు మా బడి హాల్లో ప్రకటించారు. సాధనమంటే గడులు గీసిన కాగితం. ఒకే పాఠాన్ని ఇద్దరు పరిశీలకులు చూసి, విడివిడిగా టిక్కులు పెట్టాలి. ఇద్దరి టిక్కులూ కలిస్తే కాగితాన్ని నమ్మవచ్చు. పరీక్షకు మా వాలీబాల్ టీచరు రత్మినీని ఎంచుకున్నారు. కాగితం నెగ్గితే ఆమె కాంట్రాక్టు ఉద్యోగం పర్మనెంటవుతుంది. లెక్కల టీచరునైన నాకు శాతాలు కట్టే భాగ్యం దక్కింది.

మొదటి రోజు రత్మినీ ఒక పిల్లను అదిలించింది. "మోకాళ్లు వంచవే, దుంగలా నిలబడతావేం?"

పరిశీలకుల్లో ఒకరైన సుగండి గారు 'ప్రోత్సాహం' గడిలో టిక్కు పెట్టారు. రెండో పరిశీలకురాలు లెస్తియానీ గారు 'అవమానం' గడిలో పెట్టారు.

"ముప్ఫై శాతమే కలిసింది, పాక్," అన్నాను, 'అయ్యా' అనే మా జావా మర్యాదతో.

"కాగితంలో లోపం లేదు. కళ్లల్లో ఉంది," అన్నారు హర్జునో గారు.

ఇద్దరికీ ఒకే నంబరు కళ్లజోళ్లు ఇప్పించారు. లెస్తియానీ గారికి బంతే కనబడలేదు. శాతం ఇంకా పడిపోయింది. అధికారి అధైర్యపడలేదు. ఇద్దరినీ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టారు.

"మీరేం పెట్టారు, బు?" అని 'అమ్మా' అన్నట్టు మర్యాదగా అడిగారు సుగండి గారు.

"ముందు మీరు చెప్పండి. సీనియర్లు కదా."

శాతం చకచకా పెరిగింది.

ఆఖరి పరీక్ష నాడు పొద్దుటి నుంచీ ఒకటే వాన. పరిశీలకులు క్యాంటీన్లో వేడివేడి అరటిపండు బజ్జీలు తింటూ కాగితాలు నింపారు. నూటికి నూరు కలిసింది. హర్జునో గారు హాల్లో వేడుకలకు పేర్చే పసుపన్నం గోపురం కొన కోసి, ముక్క నోట పెట్టుకోబోతుండగా రత్మినీ తడిసి ముద్దయి లోపలికొచ్చింది. వెనక పిల్లలు. చేతిలో కప్పు.

"పాఠం అద్భుతంగా చెప్పావమ్మా ఇవాళ," అన్నారాయన.

"ఇవాళ నేనిక్కడ లేను, పాక్. పొద్దున్నే పిల్లల్ని జిల్లా పోటీలకు తీసుకెళ్లాను."

ఆయన పరిశీలకుల వైపు తిరిగారు. "ఈవిడ మైదానంలో ఉన్నారా?"

"ఉన్నారు," అన్నారిద్దరూ ఒక్క గొంతుతో.

రత్మినీ ఆ ఇద్దరినీ చూసింది. పర్మనెంటు ఉత్తర్వు బల్ల మీదుంది. దాన్ని చూసి, కప్పును వెనక్కి జరుపుకుంది.

"ఆ కప్పేమిటి?"

"పిల్లలు గెలిచారు, పాక్."

"ఎవరు చూశారు?"

"స్టేడియం నిండా జనం చూశారు."

హర్జునో గారు జాలిగా తలాడించారు. "అంతమందా? అందరూ ఒకటే రాస్తారా, అమ్మా?"

మేమంతా చప్పట్లు కొట్టాం.