బీరువాను గూడు చెయ్యబోతే

కోళ్ల మీద ప్రేమతోని నేను గూడు కట్టిన్ననుకుంటే మీరు పొరపడ్డట్టే. ఎక్కడ బోల్తా పడ్డనో నాకు ఇప్పటికీ తెల్వదు. మీరన్న ఇని చెప్పుండ్రి.

మాది ములకలపల్లి అవతల, అడివి అంచున ఆఖరి ఇల్లు. మా ఆవిడ రాజ్యశ్రీ వేంసూరు పిల్ల. ఆమె పేరుల రాజ్యమే ఉన్నది. నా పేరు ఉదయ్ భాస్కర్. నా పేరుల ఉదయం ఒక్కటే ఉన్నది, అది గూడ ఆమె నిద్ర లేచేదాంక.

ఆమెకు ఆరు కోళ్లుండె. ఒక్క వారంల అడివిపిల్లి రెండింటిని ఎత్తుకపోయింది. రాజ్యశ్రీ రెండు దినాలు సరిగ అన్నం తినలే. "ఒక గూడు కట్టిద్దామండీ" అన్నది.

నాకు అప్పుడే ఉపాయం తట్టింది.

మా ముందటర్రల ఒక టేకు బీరువా ఉన్నది. మా అత్త సీతారావమ్మ పెండ్లికి పెట్టింది. మా పెండ్లిల నన్ను చూసినోళ్లకన్న దాన్ని చూసినోళ్లే ఎక్కువ. ఫ్యాను కింద, టీవీకి ఎదురుంగ, సరిగ్గ నా పడక కుర్చీ ఉండాల్సిన జాగల కూసున్నది. పన్నెండేండ్ల సంది నేను గోడవార కూసోని, మెడ వంచి టీవీ చూస్తున్న.

"కట్టిచ్చుడెందుకు, నేనే కడ్త. కొత్త సామాను ఒక్కటి గూడ కొన. ఆ బీరువాను వెల్లకిల పండబెట్టి, తలుపులకు ఇనుప జాలీ కొడితే అదే గూడు" అన్న.

కొట్లాటకు తయారయి నిలబడ్డ. ఆమె బీరువా దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. "అలాగే చెయ్యండి" అన్నది.

నాకు గీడనే మొదటి పరేషాన్. పన్నెండేండ్లల ఆమె నోట్లకెల్లి 'అలాగే' అంత జల్దీ ఎన్నడు రాలే.

ఆదివారం పక్కింటి లచ్చిరాంను పిలిచిన. ఆయన వడ్రంగి పని చేస్తడు. రంపం ఆయనది, తెలివి నాది. రంపం బీరువా మీద ఆనిందో లేదో, రాజ్యశ్రీ చాయ్ పట్టుకొని వచ్చింది.

"ఏమండీ, ఎంత టేకైనా నేల మీద పెడితే చెద పట్టదూ? ముందు కాళ్ల సంగతి చూడండి."

నిజమే గద. నా పాత కూలర్‌కు ఇనుప స్టాండున్నది. తెచ్చిన.

"ఈ స్టాండు మీద బీరువా ఆగుతుందా అన్నయ్యా?"

"ఆగది వదినా" అన్నడు లచ్చిరాం. "కూలరైతే ఆగుతది."

కూలర్ తెచ్చి పెట్టినం. గడ్డి పీకితే మూడు దిక్కుల జాలీలు ముందే ఉన్నయి. ఫ్యాను తీసేసిన బొక్కకు రేకు తలుపు పెడితే వాకిలయింది.

"అడుగున నీళ్ల తొట్టి కదండీ. కోళ్లు ఎక్కడ నిలబడతాయి?"

తొట్టి మీదికి ఒక చదరపు చెక్క అంగుళం తేడా లేకుంట పట్టింది. నాకు మస్తు గర్వమయింది. అది నా క్యారం బోర్డని తర్వాత యాదికొచ్చింది.

వానకు ఫ్లెక్సీ కప్పినం. నేను ఉద్యోగుల సంఘం ఎలక్షన్ల ఓడిపోయినప్పటిది. అండ్ల బొమ్మల నేను గూడు మీద వెల్లకిల పండుకోని, ఆకాశానికి దండం పెట్టుకుంట నవ్వుతున్న.

పొద్దు గూకంగ మూడు కోళ్లు వాటంతటవే లోపలికి పోయినయి. నేను రంపం పట్టుకొని ఇంక నిలబడే ఉన్న.

"మరి బీరువా?" అన్న.

"బీరువా ఎందుకండీ? గూడు అయిపోయిందిగా."

లచ్చిరాం తన చెప్పుల దిక్కు చూసుకున్నడు. నేను వేళ్ల మీద లెక్కపెట్టిన. స్టాండు నాది, కూలర్ నాది, క్యారం బోర్డు నాది, మొఖం గూడ నాదే. బీరువా మాత్రం ఉన్నకాడ్నే ఉన్నది.

నేను అంత తొందరగ ఒప్పుకునే మనిషిని గాదు. నాలుగో కోడి ఒకటున్నది. కూసుంటే లేవదు, అందుకే దానికి 'పెద్దమేడం' అని పేరు పెట్టిన. వంటింటి మూలకు గంపల తొమ్మిది గుడ్ల మీద కొత్తగ పొదుగుడుకు కూసున్నది. రెండో శనివారం రాజ్యశ్రీ పొదుపు సంఘానికి పోంగనే, నేను ఇంట్ల పొదుగు సంఘం పెట్టిన. బీరువా కింది అరల చీరెలు తీసి, గంపతో సహా పెద్దమేడంను అండ్ల పెట్టిన. మూడుచోట్ల పొడిచింది. ఓర్చుకున్న.

రాజ్యశ్రీ రాంగనే, "చూసినవా, గూడుల జాగ చాల్తలేదు. పెద్దమేడం తనంతట తనే బీరువా ఎక్కింది. ఇగ దీన్ని బయట పెట్టాల్సిందే" అన్న.

"తనే ఎక్కిందా?"

"అవ్."

"గుడ్లు కూడా తనే మోసుకొచ్చిందా?"

ఒకసారి అవ్ అన్నంక ఆగుడు కష్టం. "అవ్" అన్న.

ఆమె బీరువా ముందట కూసోని గంపలకు తొంగి చూసింది. "పాపం, మనసుపడి ఎక్కింది. పొదిగే కోడిని కదిలిస్తే గుడ్లు వదిలేస్తుంది. ఇరవయ్యొక్క రోజులు బీరువా కదపకూడదు. టీవీ పెట్టకూడదు, అదిరిపోతుంది."

"ఇందాక కదిపితే ఏం కాలే గద?"

"ఎవరు కదిపారండీ? తనే ఎక్కిందన్నారుగా."

ఆ మాటకు జవాబు కోసం నేను ఇరవయ్యొక్క దినాలు వాకిట్ల కుర్చీ ఏసుకొని ఆలోచన చేసిన. దొరకలే. ఒక పొద్దు మాత్రం కూలర్ రేకు మీద గోళ్ల గీతలు కనిపించినయి. పిల్లి వచ్చి, గూడు చుట్టు తిరిగి పోయింది. లోపల మూడు కోళ్లు మంచిగనే ఉన్నయి. రాజ్యశ్రీ ఆ గీతల మీద చెయ్యి పెట్టి చూసి, లోపలికి పోయి నాకు రెండు గుడ్ల అట్టేసింది. నిజం చెప్పాల్నంటే నాకు సంతోషమయింది. బయటికి కనిపించనియ్యలే.

తొమ్మిదిట్ల ఎనిమిది పిల్లలయినయి. రాజ్యశ్రీ వాళ్లమ్మకు ఫోన్ కొట్టి నా చేతికిచ్చింది.

అవతలికెల్లి మా అత్త అందుకున్నది. "నేను పెట్టిన బీరువాలో కోడికి పురుడు పోయించావంట కదా బాబూ. ఆ బీరువా అంటే నీకింత ప్రాణమని ఇన్నాళ్లూ తెలియనే లేదు. దాని జత అద్దం బల్ల నా దగ్గరే ఉండిపోయింది. రేపే ట్రాలీలో పంపిస్తున్నా."

నేను ఫోన్ పెట్టేసి అడిగిన. "నువ్వు ఆమెకు ఏమని చెప్పినవ్?"

"మీరు చెప్పిందే చెప్పాను" అన్నది రాజ్యశ్రీ.

అద్దం బల్ల వచ్చింది. గోడవార నేను కూసునే జాగలనే పట్టింది. ఇప్పుడు బీరువా పక్కన టీవీకి వీపు పెట్టి కూసోని, అద్దంల మ్యాచ్ చూస్తున్న. కుడిచేతోడు ఎడమ చేత్తోని కొడ్తుండు, స్కోరు తిరగేసి కనిపిస్తున్నది. నిన్న ఎవరు గెలిచిన్రని లచ్చిరాం అడిగిండు. అద్దంల అయితే ఒకలు, బయట అయితే ఇంకొకలు అనిపించి, రాజ్యశ్రీనే అడగమని చెప్పిన.